రూపాయికి అణా
(కార్మిక నాయకుడు, రాష్ట్రపతి వరాహగిరి వేంకటగిరి గారి జీవితం, మన భవిష్యనిధి)

పెన్షనర్ల ప్రత్యేక సంచికలో ఒక రాష్ట్రపతి జీవిత చరిత్ర ఎందుకు అని కొందరు సభ్యులకు అనిపించవచ్చు. శ్రీ వి.వి. గిరి గారి పేరు చెప్పగానే 1969 నాటి రాష్ట్రపతి ఎన్నిక, రాష్ట్రపతి భవనం, భారతరత్న బిరుదం గుర్తుకు వస్తాయి. ఆయన మన ఉత్తరాంధ్ర రైల్వే కార్మికుల మధ్య పైకి వచ్చిన మనిషి అన్న సంగతి కొందరికి గుర్తుంటుంది. మన జీతంలో కోసిన ప్రావిడెంట్ ఫండ్ సొమ్మును, తాను కలపవలసిన వాటాను యాజమాన్యం సకాలంలో కట్టకపోతే దానికి మూల్యం చెల్లించాలన్న నిబంధన ఆయన కార్మిక మంత్రిగా ఉన్న రోజుల్లో చట్టంలోకి వచ్చిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఇరవై ఏళ్ల తరువాత అదే నిబంధనను గట్టిపరచిన సవరణ చట్టం కూడా ఆయన రాష్ట్రపతిగా ఉండగానే వచ్చింది. ఈ రెండు సంఘటనల మధ్య ఉన్న జీవితమే ఈ వ్యాసం.

బరంపురం నుంచి డబ్లిన్‌కు

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. అప్పుడది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న న్యాయవాది, జాతీయవాది. తల్లి సుభద్రమ్మ గారు మద్యపాన నిషేధం కోసం జరిగిన ఆందోళనలో ముందు నిలిచి అరెస్టయిన ధీరురాలు. ఇంట్లో అటు న్యాయశాస్త్రం, ఇటు దేశభక్తి. కుమారుడికి రెండూ అబ్బాయి.

1913లో న్యాయవిద్య కోసం ఆయన ఐర్లండులోని డబ్లిన్ నగరానికి వెళ్లారు. మనవాళ్లు సాధారణంగా లండన్ వెళ్లే రోజులవి. ఐర్లండు అప్పుడు బ్రిటిష్ పాలనపై తిరగబడుతోంది. డబ్లిన్ వీధుల్లో స్వాతంత్ర్య పోరాటమూ, కార్మిక పోరాటమూ కలిసి నడుస్తున్నాయి. కార్మిక నాయకుడు జేమ్స్ కొనొలీ వంటి వారి ప్రభావం ఆ తెలుగు విద్యార్థి మీద పడింది. 1916 ఈస్టర్ తిరుగుబాటు తరువాత ఐరిష్ విప్లవకారులతో సంబంధాలున్నాయన్న అనుమానం మీద ప్రభుత్వం ఆయనను దేశం విడిచి పొమ్మంది. బారిస్టరు పట్టాతో పాటు, కార్మికుడికి బలం సంఘమేనన్న నమ్మకం కూడా ఆయన వెంట తెచ్చుకున్నారు.

స్వదేశం వచ్చి న్యాయవాద వృత్తి ఆరంభించారు. 1920లో గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపు అందుకుని, సాగుతున్న ప్రాక్టీసును వదులుకున్నారు. 1922లో మద్యం దుకాణాల ముందు ఆందోళన చేసి అరెస్టయ్యారు.

రైలు పట్టాల వెంట సంఘం

బెంగాల్ నాగపూర్ రైల్వే అంటే మన పాత తరం వాళ్లకు బి.ఎన్.ఆర్. కలకత్తా నుంచి బరంపురం, పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం మీదుగా వాల్తేరు వరకు వచ్చిన రైలు మార్గం అదే. 1933లో ప్రారంభమైన విశాఖ రేవు నిర్మాణంలోనూ ఆ రైల్వేదే పెద్ద పాత్ర. ఈ ప్రాంతంలో నెల జీతం తీసుకునే ఉద్యోగం అంటే మొదట రైల్వే ఉద్యోగమే. ఆ రైల్వే కార్మికులను సంఘటిత పరచిన వారిలో గిరిగారు ముఖ్యులు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకులలో ఒకరై, పదేళ్లకు పైగా ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1920ల చివరలో బి.ఎన్.ఆర్. యాజమాన్యం ఉద్యోగాల కోతకు పూనుకున్నప్పుడు జరిగిన సమ్మెకు ఆయన నాయకత్వం వహించారు. హింసకు తావివ్వకుండా నడిచిన ఆ సమ్మె యాజమాన్యాన్ని దిగివచ్చేలా చేసింది.

1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సమావేశానికి, 1931లో లండన్ రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. దేశంలో ఇంకా స్వరాజ్యం రాకముందే, వృద్ధాప్యంలో కార్మికుడి గతి ఏమిటన్న ప్రశ్న ప్రపంచ వేదికల మీద చర్చకు వస్తున్న కాలమది. ఇక్కడ మాత్రం రైల్వే, ప్రభుత్వ ఉద్యోగులకు తప్ప మిగతా వారికి ప్రావిడెంట్ ఫండ్ అన్నది యజమాని దయాధర్మం. కొన్ని పెద్ద కంపెనీలు సొంత నిధులు నడిపినా, ఆ సొమ్ము చాలాచోట్ల కంపెనీ ఖాతాలోనే తిరిగేది. కంపెనీ మునిగితే కార్మికుడి వృద్ధాప్యం కూడా దానితోనే మునిగేది.

బొబ్బిలి ఎన్నిక, మంత్రి పదవి

1937 ఎన్నికల్లో గిరిగారు బొబ్బిలిలో నిలబడ్డారు. ఎదుటి అభ్యర్థి సాక్షాత్తు బొబ్బిలి రాజావారు, అప్పటి మద్రాసు ప్రధానమంత్రి, జస్టిస్ పార్టీ నాయకుడు. కోటలో రాజును రైల్వే కార్మిక నాయకుడు ఓడించడం ఆ రోజుల్లో దేశమంతా చెప్పుకున్న వార్త. రాజాజీ మంత్రివర్గంలో గిరిగారు కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. 1939లో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో ఆయన వెల్లూరు, అమరావతి జైళ్లలో దాదాపు మూడేళ్లు గడిపారు. 1946లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో మళ్లీ కార్మిక శాఖ చేపట్టారు. 1947 నుంచి 1951 వరకు సింహళంలో భారత హైకమిషనర్‌గా ఉన్నారు.

1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో శ్రీకాకుళం ప్రాంతంలోని పాతపట్నం నియోజకవర్గం నుంచి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ గారి మంత్రివర్గంలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. మన కథ ఇక్కడ మొదలవుతుంది.

అణా లెక్క

ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ చట్టం 1952 మార్చి 4న వచ్చింది. అప్పటికి కార్మిక మంత్రి శ్రీ జగ్జీవన్ రామ్ గారు. కాబట్టి చట్టం తెచ్చిన కీర్తి గిరిగారిది కాదు. కానీ ఆ చట్టాన్ని కాగితం మీద నుంచి ఫ్యాక్టరీ గేటు దగ్గరకు తెచ్చే పని ఆయన శాఖ మీద పడింది. ప్రావిడెంట్ ఫండ్ స్కీము 1952 సెప్టెంబరు 2న వెలువడింది, నవంబరు 1 నుంచి చందాలు మొదలయ్యాయి. సిమెంటు, సిగరెట్టు, ఇంజనీరింగు, ఇనుము ఉక్కు, కాగితం, బట్టల మిల్లులు అనే ఆరు పరిశ్రమలకే, అదీ 50 మందికి పైగా పనిచేసే ఫ్యాక్టరీలకే మొదట వర్తించింది. చందా జీతం మీద నూటికి ఆరుంబాతిక. ఈ తరం పిల్లలకు ఈ లెక్క వింతగా ఉంటుంది గానీ, పాతవారికి సులువే. రూపాయికి 16 అణాలు. ఆరుంబాతిక శాతం అంటే రూపాయికి సరిగ్గా అణా. 64 రూపాయల జీతగాడి నుంచి 4 రూపాయలు, యజమాని నుంచి 4 రూపాయలు.

ఏడాది తిరగకముందే లోపం బయటపడింది. యజమాని కార్మికుడి జీతంలో అణా కోస్తాడు. తన అణా కలపాలి. రెండు అణాలూ నిధికి పంపాలి. పంపకపోతే? ప్రాసిక్యూషన్ పెట్టవచ్చు, భూమిశిస్తు బకాయిలా వసూలు చేయవచ్చు. కానీ ఆలస్యం చేసినందుకు యజమానికి అదనంగా పడే భారం లేదు. బ్యాంకులో అప్పు తీసుకుంటే వడ్డీ కట్టాలి. కార్మికుడి సొమ్ము అట్టే పెట్టుకుని వ్యాపారంలో తిప్పుకుంటే అదీ లేదు. అంటే ప్రావిడెంట్ ఫండు కొందరు యజమానులకు వడ్డీలేని అప్పుగా మారింది. సొంత ట్రస్టులు నడుపుకోవడానికి మినహాయింపు పొందిన ఫ్యాక్టరీలను తనిఖీ చేయడానికీ, వాటి నుంచి బకాయిలు రాబట్టడానికీ చట్టంలో దారే లేదు.

ఈ లోపాలను సరిదిద్దుతూ 1953లో 37వ నంబరు సవరణ చట్టం వచ్చింది. అప్పుడు కార్మిక మంత్రి గిరిగారు. ఆ సవరణతో చేరినదే 14-బి సెక్షను. చందా కట్టడంలో విఫలమైన యజమాని నుంచి, బకాయికి తోడు, అందులో నూటికి 25 వరకు డ్యామేజీలు వసూలు చేసే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. ఆ తరువాత దశాబ్దాల తరబడి మన దేశంలో పి.ఎఫ్. బకాయిల మీద నడిచిన వ్యాజ్యాలలో పెద్ద భాగం ఈ సెక్షను చుట్టూ తిరిగినవే.

ఇందులో ఆలోచించవలసిన విషయం ఒకటుంది. గిరిగారు కోర్టులను, ట్రిబ్యునళ్లను నమ్ముకున్న నాయకుడు కారు. కార్మికులూ యజమానులూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలనీ, ప్రభుత్వం తప్పనిసరి తీర్పుల పేరుతో మధ్యలో దూరితే సంఘం బలహీనపడుతుందనీ ఆయన గట్టి నమ్మకం. దీనినే గిరి విధానం అనేవారు. సాటి మంత్రులు చాలామంది దీనిని ఒప్పుకోలేదు. అటువంటి మనిషి శాఖ నుంచే యజమాని మీద ఇంత నిర్బంధపు నిబంధన ఎలా వచ్చింది? మనకు తోచినంత వరకు ఇందులో వైరుధ్యం లేదు. జీతం ఎంత ఉండాలన్నది బేరానికి సంబంధించిన విషయం. ఒకసారి కోసిన అణా బేరం కాదు. అది అప్పటికే సంపాదించుకున్న సొమ్ము. సంపాదించిన దానిని మళ్లీ సమ్మె చేసి తెచ్చుకోవలసిన గతి ఏ కార్మికుడికీ పట్టకూడదు.

రాజీనామా

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును కేంద్ర ప్రభుత్వం తగ్గించింది. గిరిగారు దీనికి సమ్మతించలేదు. ఆ ఆగస్టులో మంత్రి పదవికి రాజీనామా చేశారు. తనకు తీర్పుల పద్ధతి ఇష్టం లేకపోయినా, తీర్పు వచ్చాక బలవంతుడు దానిని కోసివేయడం మరింత అన్యాయమని ఆయన భావించారు. పదవి కోసం నోరు మూసుకున్న నాయకులను ఎందరినో చూసిన మనకు ఈ రాజీనామా విలువ వేరే చెప్పనక్కరలేదు.

తన ఓటమి, తన వ్యాజ్యం

1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం నుంచి పోటీ చేశారు. ఒక స్థానం గిరిజనులకు రిజర్వు, రెండవది జనరల్. గిరిజన అభ్యర్థి శ్రీ డిప్పల సూరిదొర గారికి ఓట్లు ఎక్కువ రావడంతో జనరల్ స్థానం కూడా గిరిజనుడికే దక్కింది. గిరిగారు వందల ఓట్ల తేడాతో ఓడిపోయారు. రిజర్వు స్థానానికి నిలబడిన వ్యక్తి జనరల్ స్థానం ఎలా తీసుకుంటాడన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో కోర్టు సూరిదొర గారి ఎన్నికనే సమర్థించింది. గిరిజనుడు రిజర్వేషన్ వల్ల జనరల్ స్థానానికి అనర్హుడు కాడన్నదే ఆ తీర్పు సారాంశం. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేసింది. మన జిల్లాల గిరిజనుడి హక్కు ఒక జాతీయ నాయకుడి మీద గెలిచిన సందర్భం ఇది. గిరిగారి జీవితంలో ఇది ఓటమే అయినా దాచవలసింది కాదు.

ఆ తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాల గవర్నరుగా, 1967 నుంచి ఉపరాష్ట్రపతిగా ఉన్నారు. 1969 మే 3న జాకీర్ హుస్సేన్ గారు కన్నుమూయగా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేయడానికి జూలైలో ఆ బాధ్యతల నుంచి తప్పుకున్నారు. మరో తెలుగు ప్రముఖుడు శ్రీ నీలం సంజీవరెడ్డి గారిపై, రెండవ ప్రాధాన్య ఓట్ల లెక్కింపుతో గెలిచారు. ఆ ఎన్నికను సవాలు చేస్తూ వచ్చిన పిటిషన్లలో 1970లో ఆయన పదవిలో ఉండగానే సుప్రీంకోర్టుకు స్వయంగా వెళ్లి సాక్ష్యం ఇచ్చారు. పిటిషన్లు వీగిపోయాయి. రాష్ట్రపతి అంతటి వాడు సాక్షి స్థానంలో నిలబడినప్పుడు, పి.ఎఫ్. కమిషనరు విచారణకు హాజరు కాము అని తప్పించుకునే యాజమాన్యాలకు చెప్పుకోవడానికి మాట ఉండదు.

రాష్ట్రపతి కాలంలో వచ్చిన మూడు మేళ్లు

గిరిగారు రాష్ట్రపతిగా ఉన్న 1969-74 మధ్య కాలం మన పెన్షనర్లకు ముఖ్యమైనది. మన ఉక్కు కర్మాగారానికి శ్రీమతి ఇందిరాగాంధీ గారు 1971 జనవరి 20న శంకుస్థాపన చేసింది ఈ కాలంలోనే. ఆ ఏడాది మార్చి 1 నుంచి కుటుంబ పెన్షన్ స్కీము అమలులోకి వచ్చింది. సర్వీసులో ఉండగా కార్మికుడు మరణిస్తే అతని భార్యాబిడ్డలకు నెలనెలా పెన్షన్ అందే ఏర్పాటు ప్రైవేటు, ప్రభుత్వరంగ పరిశ్రమలకు అప్పుడే వచ్చింది. 1972లో గ్రాట్యుటీ చెల్లింపు చట్టం వచ్చింది.

మూడవది 1973 నాటి 40వ నంబరు సవరణ చట్టం. ఆ ఏడాది నవంబరు 1 నుంచి అమలైంది. ఇరవై ఏళ్ల అనుభవంలో 25 శాతం డ్యామేజీలకు చాలామంది యజమానులు భయపడటం లేదని తేలింది. బకాయి ఎంతో డ్యామేజీలు కూడా అంతవరకు వేయవచ్చునని ఈ సవరణ చెప్పింది. అంటే నూటికి నూరు. జీతంలో కోసిన కార్మికుడి చందా నిధికి కట్టకపోతే కనీస జైలు శిక్ష పెట్టింది. అంతకన్నా ముఖ్యం, శిక్షాస్మృతి 405వ సెక్షనుకు ఒక వివరణ చేర్చింది. కోసిన చందాను కట్టని యజమాని, తనకు అప్పగించిన సొమ్మును స్వాహా చేసినవాడి కింద లెక్క. అది బాకీ కాదు, నమ్మకద్రోహం. 2024 జూలైలో శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ వివరణ కొనసాగింది.

రాష్ట్రపతి సంతకం మంత్రివర్గ సలహా మేరకే ఉంటుంది కనుక, ఈ చట్టాలు ఆయన సొంతం అనడం సరికాదు. అయినా 1953లో వేసిన విత్తు 1973లో చెట్టయి, అదే మనిషి చేతి సంతకంతో చట్టం కావడం అరుదైన విషయమే.

ఇదే కాలానికి చెందిన ఒక చేదు జ్ఞాపకం కూడా చెప్పుకోకపోతే ఈ వ్యాసం స్తోత్రపాఠం అవుతుంది. 1974 మే 8న రైల్వే కార్మికుల దేశవ్యాప్త సమ్మె మొదలైంది. దానిని నడిపింది గిరిగారు ఒకప్పుడు స్థాపించిన రైల్వేమెన్ ఫెడరేషనే. వేలాది మందిని అరెస్టు చేశారు, ఉద్యోగాలు తీశారు, మే 27న సమ్మె ముగిసింది. అప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది గిరిగారే. రాజ్యాంగం ఆయన చేతులు కట్టేసి ఉండవచ్చు. కానీ ఆయన పేరు చెప్పుకుని సంఘంలో చేరిన రైల్వే కుటుంబాలకు ఆ మౌనం బాధ కలిగించింది. అదే ఏడాది ఆగస్టులో ఆయన పదవీకాలం ముగిసింది. 1975లో భారతరత్న లభించింది.

కోర్టుల్లో నిలిచిన సెక్షను

14-బి సెక్షను చెల్లదంటూ వేసిన కేసు సుప్రీంకోర్టులో 1979 జూలైలో తేలింది. ఆర్గానో కెమికల్ ఇండస్ట్రీస్ కేసుగా అది ప్రసిద్ధం. జస్టిస్ కృష్ణయ్యర్, జస్టిస్ ఎ.పి. సేన్ సెక్షనును సమర్థించారు. డ్యామేజీలు నష్టపరిహారమే కాదు, మళ్లీ ఎగవేయకుండా చేసే శిక్ష కూడా అన్నారు. కార్మికుల అందరి సొమ్ముతో నడిచే నిధికి ఒక యజమాని కట్టకపోతే అందరికీ నష్టమని వివరించారు. గిరిగారు ఆ తీర్పు తరువాత ఏడాది కూడా బతకలేదు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. 1995లో జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరు పెట్టారు. అదే ఏడాది నవంబరు 16 నుంచి ఉద్యోగుల పెన్షన్ స్కీము వచ్చింది.

ఆయన తరువాత కూడా కోర్టులు ఈ దారిలోనే నడిచాయి. మునిగిన ఫ్యాక్టరీ ఆస్తి మీద బ్యాంకు తాకట్టు కన్నా పి.ఎఫ్. బకాయికే ముందు హక్కు అని 2009లో సుప్రీంకోర్టు ఒక చక్కెర మిల్లు కేసులో చెప్పింది. కట్టకపోవడం వెనుక దురుద్దేశం ఉందని రుజువు చేయనక్కరలేదు, కట్టకపోవడమే చాలునని 2022లో మరో తీర్పు వచ్చింది. పాత కార్మిక చట్టాలను 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కలిపారు.

మనం చేయవలసింది

చట్టం ఇంత గట్టిగా ఉన్నా బకాయిలు ఆగలేదు. పోర్టు, ఉక్కు నగరంలో మన పిల్లలు, మనవలు చాలామంది కాంట్రాక్టర్ల దగ్గర పనిచేస్తున్నారు. జీతం చీటీలో కోత కనిపిస్తుంది, ఖాతాలో జమ కనిపించదు. ఇటువంటి వారు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది, కాంట్రాక్టరు కట్టకపోతే ఆ బాధ్యత పని చేయించుకున్న ప్రధాన యజమాని మీద ఉంటుందని పి.ఎఫ్. చట్టం 1963 నుంచీ చెబుతూ వచ్చింది. రెండవది, 1995 పెన్షన్ స్కీములో సర్వీసు లెక్క చందా అందిన కాలానికే కాదు, అందవలసిన కాలానికి కూడా వర్తిస్తుంది. అయితే ఆ కాలంలో పనిచేశామని చూపించుకోవాలి. కనుక జీతం చీటీ, గుర్తింపు కార్డు, హాజరు కాగితం పారేయకూడదు. మూడవది, ఆలస్యం చేయకూడదు. పెన్షన్ లెక్కలో ఒక ఏడాది సర్వీసు అంటే జీతంలో 70వ వంతు. 15,000 రూపాయల పరిమితి మీద చూస్తే నెలకు సుమారు 214 రూపాయలు, జీవితాంతం. అయిదేళ్లు పోతే నెలకు వెయ్యి దాటింది.

మన సభ్యులలో కాగితాలు చదవగలిగిన వారు, లెక్కలు తెలిసినవారు ఎందరో ఉన్నారు. పొరుగింటి కాంట్రాక్టు కార్మికుడి ఖాతా ఒకసారి తెరిచి చూడండి. నెలల మధ్య ఖాళీలుంటే అర్జీ రాసి పెట్టండి. విశాఖలోనే పి.ఎఫ్. ప్రాంతీయ కార్యాలయం ఉంది. గిరిగారి జయంతి ఏటా ఆగస్టు 10న వస్తుంది. ఆ రోజు ఆయన పటానికి దండ వేయడం మంచిదే. దానితో పాటు ఒక కార్మికుడికి రావలసిన అణాను అతని ఖాతాలో జమ చేయించగలిగితే, బి.ఎన్.ఆర్. కూలీల సంఘంలో మొదలైన ఆ జీవితానికి అదే నిజమైన నివాళి.